సినిమా పేరుతో వచ్చిన పాత ఫోను కారు పందెం ఆట: ఇప్పుడు నడిపిస్తే కారు అదుపులో ఉండటం లేదు

మీటలఫోను

నోకియా 6600లో వాడిన పాత ఎంఎంసి మెమరీ కార్డు ఒకటి ఇంట్లో దొరికింది. దానిలో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ అన్న హాలీవుడ్ సినిమా పేరుతో ఒక జార్ ఫైలు, అంటే పాత ఫోనుల జావా ఆట ఫైలు, ఉంది. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టలు గదిలో అందరం వంతులు వేసుకొని ఆడిన కారు పందెం ఆట ఇదే. దీనిని జె2ఎంఇ లోడర్ అనే, పాత జావా ఆటలను నడిపే యాప్ ద్వారా ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోనులో తెరిచాను. ఆట మొదలవుతోంది కానీ కారు పట్టపగ్గాలు లేకుండా పోతోంది. మలుపు కంటికి ఆనేలోపే రోడ్డు దాటి గడ్డిలో పడుతోంది. అప్పట్లో ఇలా ఉండేది కాదు. దీనికి సెట్టింగు ఏదైనా ఉంటే చెప్పగలరు.

ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది. ఇన్నేళ్ల తరువాత శ్రద్ధగా చూస్తే ఈ ఆటలో సినిమా అన్నది ఎక్కడా కనిపించడం లేదు. నటుల ముఖాలు లేవు, కథ లేదు, సినిమా సంగీతం ఒక్క ముక్క కూడా లేదు. సినిమా పేరు పెట్టి ఏదో ఒక కారు ఆటను మనకు అంటగట్టారా? ఆ కాలంలో సినిమాల పేరుతో వచ్చిన ఫోను ఆటలన్నీ ఇంతేనా?

బిట్లు_బైట్లు

ముందు వేగం సంగతి చూద్దాం. లోడర్‌లో ఆ ఆట పేరు మీద వేలు నొక్కి ఉంచితే సెట్టింగులకు దారి కనిపిస్తుంది. అందులో సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర బొమ్మలు) గీయాలో పరిమితి పెట్టే గడి ఉంటుంది. మొదట 15 పెట్టి చూడండి, మరీ నెమ్మదిగా అనిపిస్తే 20కి పెంచండి. తెర కొలత 176×208 అని ఇవ్వడం మరువకండి.

కారణం ఏమిటంటే, 6600లో ఉన్నది 104 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. ఆటలోని ప్రధాన లూపు (పదేపదే తిరిగే ఆదేశాల వరుస) ఒకసారి తిరిగినప్పుడల్లా కారును కొంత ముందుకు జరపాలని రాసి, లూపుల మధ్య విరామం ఇవ్వకుండా వదిలేస్తే, కారు ఎంత వేగంగా పోవాలో నిర్ణయించేది ఆట కాదు, ఆ ఫోను ఎంత నెమ్మదిదన్న సంగతే. ఇప్పటి ఫోనులో అదే లూపు ఎన్నో రెట్లు ఎక్కువసార్లు తిరుగుతుంది. గడియారాన్ని చూసి, గడిచిన మిల్లీసెకన్లను బట్టి కారును జరిపేలా రాసిన ఆటలకు ఈ జబ్బు రాదు.

కోఠి_కుర్రవాడు

అంటే పందెంలో నిలవాలంటే బ్రేకు కారుకు కాదు, ఫోనుకు వేయాలన్నమాట.

గోదావరి_గట్టు

మీ రెండవ ప్రశ్నకు నా సమాధానం సూటిగా ఉంటుంది. అవును, అంటగట్టారు. సినిమా విడుదలయ్యే వారానికి ఆట ఆపరేటరు పోర్టల్లో, అంటే ఫోను కనెక్షను ఇచ్చే కంపెనీ ఆటలు అమ్మే పేజీలో, ఉండాలి, కనుక ఆరు నెలల ముందే ఏదో ఒక చట్రం సిద్ధం చేసుకొని దాని మీద పేరు అతికించేవారు. పోర్టల్లో కొనేవాడికి కనిపించేది ఒక వరుసలో పేరు, మహా అయితే గోరంత బొమ్మ. ఆడి చూసే వీలు లేదు, సమీక్ష చదివే ఓపిక లేదు. ఆ స్థితిలో అమ్ముడుపోయేది తెలిసిన పేరు ఒక్కటే. సినిమా పేరుకు డబ్బు కట్టింది ఆట బాగుపడటానికి కాదు, ఆ ఒక్క వరుస కోసం.

రెండోషో

గోదావరి_గట్టు గారి మాటలో సగమే ఒప్పుకుంటాను. పేరు కొన్నంత మాత్రాన నటుల ముఖాలు వాడుకునే హక్కు దానంతటదే రాదు. దానికి విడిగా ఒప్పందం ఉండాలి. కాబట్టి ముఖాలు లేకపోవడాన్ని మోసం అనలేము.

పైగా ఈ సినిమాల విషయంలో ఫోను ఆటను చిన్నచూపు చూడటం చరిత్రకు కూడా సరిపడదు. మొదటి చిత్రం 2001లో, రెండవది 2003లో, టోక్యో నేపథ్యంలోని మూడవది 2006లో వచ్చాయి. ఆటల కేంద్రాల్లో ఉండే ఆర్కేడు యంత్రం 2004లో వచ్చింది, రా థ్రిల్స్ సంస్థ చేసింది. ప్లేస్టేషన్ 2 మీదికి ఆట వచ్చేసరికి 2006 అయింది. ఈలోగా స్కాట్లాండుకు చెందిన డిజిటల్ బ్రిడ్జెస్ అనే సంస్థ, తరువాత ఐ-ప్లే అని పేరు మార్చుకున్నది, ఈ సినిమాల పేరుతో ఫోను ఆటలను తీసుకువచ్చింది. అంటే ఇంట్లో టీవీకి పెట్టుకొని ఆడే ఆట కంటే ముందు జేబులోకి వచ్చినది ఫోను ఆటే. ఒక పెద్ద సినిమా వరుసకు ఇలా జరగడం ఆ రోజుల్లో విశేషమే.

పాతకోడు

ఆ కాలంలో హైదరాబాదులో ఒక సంస్థలో ఒక ఫోనుకు రాసిన జావా ఆటలను మరొక ఫోనులో నడిచేలా మార్చే పని చేశాను, అందువల్ల కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓర్చుకోండి.

సినిమా ఎందుకు కనిపించదు అన్న ప్రశ్నకు మొదటి సమాధానం 64 కిలోబైట్లు. నోకియా 6610, 7210, 3510ఐ వంటి సిరీస్ 40 ఫోనుల్లో ఒక జార్ ఫైలు గరిష్ఠంగా అంతే ఉండాలి. ఆ 64లోనే ప్రోగ్రాము, బొమ్మలు, శబ్దాలు, పందెం దారులు, సహాయపు పేజీ అన్నీ ఇమడాలి. ఈ చర్చలో పెట్టుకునే ప్రొఫైల్ బొమ్మ కూడా నేడు అంతకంటే బరువుంటుంది.

రెండవది, గణితం. మొదటి తరం జావా ఫోనుల్లో దశాంశ సంఖ్యలే లేవు. సైను, కోసైను లేవు. గణితపు తరగతిలో ఉన్నవి పరమ విలువ, రెండింటిలో పెద్దది, రెండింటిలో చిన్నది, అంతే. కాబట్టి ప్రతి సంఖ్యనూ 256తో గుణించి పూర్ణాంకంగా ఉంచుకొని, చివరన ఎనిమిది బిట్లు జరిపి వాడుకునేవాళ్లం. కోణాల కోసం ముందే లెక్కకట్టిన పట్టికను ఫైలులో పెట్టేవాళ్లం.

మూడవది, రోడ్డు. త్రికోణం నింపే ఆదేశం మొదటి మిడ్‌పిలో, అంటే ఫోను జావా ప్రమాణపు మొదటి రూపంలో, లేదు. కాబట్టి మనం చూసిన రోడ్డు నిజమైన త్రిమితీయ దృశ్యం కాదు. తెర మీద ఒక్కొక్క అడ్డగీతను గీసుకుంటూ పోవడమే. 128×128 తెరలో ఆకాశం పోగా రోడ్డుకు మిగిలేది సగం, అంటే అరవై గీతలకు అటూ ఇటూ. దిగంతం దగ్గర గీత సన్నంగా, మన కారు దగ్గర వెడల్పుగా. మలుపు కావాలంటే పైకి వెళ్లే కొద్దీ గీతను కొంచెం కొంచెం ఎక్కువగా పక్కకు జరపాలి. రోడ్డు అంచున ఎరుపు తెలుపు పట్టీలు ఒకదాని స్థానంలోకి మరొకటి వస్తుంటే కన్ను దానిని వేగం అనుకుంటుంది. నిజానికి ఏదీ ముందుకు కదలదు.

బొమ్మను పెద్దదిగా చిన్నదిగా చేసే సౌకర్యం కూడా లేదు కనుక, ఎదుటి కారును నాలుగైదు పరిమాణాల్లో విడివిడిగా గీసి పెట్టేవారు. ఇక్కడే సినిమా ప్రవేశించింది. మొదటి చిత్రం చూసినవారికి గుర్తుండేది నారింజ రంగు టొయోటా సుప్రా, ఆకుపచ్చ మిత్సుబిషి ఎక్లిప్స్. పిఎన్‌జి బొమ్మలో రంగుల పట్టిక ఒక మూల విడిగా ఉంటుంది. ఆ కొన్ని బైట్లను నడుస్తున్నప్పుడే మార్చి అదే బొమ్మను మళ్లీ తెరిస్తే కారు రంగు మారిపోతుంది. ఒక్క కారు బొమ్మతో షెడ్డు నిండా కార్లు తయారు. ముఖం గీయాలంటే కిలోబైట్లు కావాలి, రంగు మార్చడానికి పిడికెడు బైట్లు చాలు. అందుకే సినిమా నుంచి ఫోనులోకి వచ్చింది మనుషులు కాదు, కారు రంగులు.

కోఠి_కుర్రవాడు

నేను రెండు వందల పందేలు గెలిచి కొన్నానని మురిసిపోయిన కార్లన్నీ ఒకే కారుకు రంగులు వేసినవేనా? ఈ సంగతి చెప్పకుండా ఉండవలసింది.

పాతకోడు

కొన్నిటికి వెనుక రెక్క కూడా అతికించాము, అంత అన్యాయం చేయలేదు.

గోదావరి_గట్టు

పాతకోడు గారి వివరణ చదివి ఆనందించాను, పనితనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆయన చెప్పినదే నా వాదనకు బలం. అడ్డగీతల రోడ్డు, రంగు మారే కారు ఉన్న ఆ చట్రానికి ఏ పేరైనా సరిపోతుంది. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ బదులు మరొక సినిమా పేరు పెడితే ఆటలో మారేది మొదటి తెర ఒక్కటే అయినప్పుడు, దానిని సినిమా ఆధారంగా చేసిన ఆట అని ఎలా పిలుస్తాము?

రెండోషో

ఆ లెక్కన ఆర్కేడు యంత్రాన్ని కూడా తీసివేయాలి. కారు పందేల సినిమాకు కారు పందెం ఆట సరిపోదంటే ఇంకేది సరిపోతుంది? ఆ మొదటి చిత్రంలో రాత్రి వీధి, పావు మైలు పరుగు, కారుకు ఒక్కసారిగా వేగం ఇచ్చే నైట్రస్ మీట, వీటిని మించి ఆటకు కావలసిన సరుకు ఏముంది? ప్రేమకథల సినిమాలకు ఫోను ఆట చేయవలసి వచ్చినవారి కష్టం ఆలోచించండి.

సిడిఎంఎ_జనం

మీరందరూ జార్ ఫైలు అంటున్నారు కానీ అందరికీ ఆ అదృష్టం లేదు. మా ఇంట్లో 2003 నాటి మాన్‌సూన్ హంగామా పథకంలో 501 రూపాయలు కట్టి తెచ్చుకున్న రిలయన్స్ ఫోను ఉండేది. అందులో ఆటలు రిలయన్స్ వారి ఆర్ వరల్డ్ పోర్టల్ నుంచే రావాలి, వేరే దారి లేదు. టాటా ఇండికామ్ వైపు వెళితే జావా బదులు క్వాల్‌కామ్ వారి బ్రూ అనే ఆటల పద్ధతి. ఏ మిత్రుడి దగ్గరి నుంచీ బ్లూటూత్‌లో తెచ్చుకునే వీలు లేదు. ఆట దిగుతున్నప్పుడు మధ్యలో సిగ్నలు పోతే డబ్బు పోయేది, ఆట వచ్చేది కాదు. ఫోను చేసి అడిగితే మళ్లీ ప్రయత్నించమనేవారు.

డాలస్_తెలుగు

బ్రూ గురించి చెప్పారు కనుక అమెరికా వైపు సంగతి. ఇక్కడ వెరైజన్ ఫోను కంపెనీ వారి గెట్ ఇట్ నౌ అనే ఆటల పోర్టల్ మొత్తం బ్రూ మీద నడిచేది. చాలా ఆటలకు నెలకు ఇంత అని చందా కట్టవచ్చు, లేదా ఎక్కువ ఇచ్చి ఒకేసారి కొనుక్కోవచ్చు. ఒకేసారి కొన్నా అది ఆ ఫోనుకే పరిమితం. కొత్త ఫోను తీసుకుంటే ఆట పాత ఫోనులోనే ఉండిపోతుంది. అందుకే ఈ రోజున జావా ఆటలు ఎక్కడో ఒకచోట దొరుకుతున్నాయి కానీ, అదే ఆటల బ్రూ రూపాలు చాలావరకు కనుమరుగయ్యాయి. దొంగతనంగా పంచుకున్నవే మిగిలాయి, డబ్బు కట్టి కొన్నవి పోయాయి. దీనిని ఏమనాలో నాకు తెలియడం లేదు.

కోఠి_కుర్రవాడు

దొంగతనం మాట వచ్చింది కనుక అబిడ్స్ జగదీష్ మార్కెట్ తలచుకోకపోతే పాపం తగులుతుంది. మెమరీ కార్డు ఇస్తే కంప్యూటరులో పెట్టి పాటలు, వాల్‌పేపర్లు, ఆటలు కలిపి నింపి ఇచ్చేవారు. గిరాకీ ఏది అడిగితే అది ఉందనడం వారి ధర్మం. ఆ రోజుల్లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ ఉందా అని అడిగితే లేదన్న దుకాణం నేను చూడలేదు. చేతిలో ఉన్న ఏదో ఒక కారు ఆట జార్ ఫైలుకు ఆ పేరు పెట్టి కార్డులో వేస్తే అడిగేవాడు లేడు. కాబట్టి మీటలఫోను గారూ, మీ కార్డులో ఉన్నది అసలుదేనని మీకు ఎవరు చెప్పారు?

మీటలఫోను

ఫ్రేముల పరిమితి 15 పెట్టగానే కారు దారికి వచ్చింది, బిట్లు_బైట్లు గారికి కృతజ్ఞతలు. ఇక కోఠి_కుర్రవాడు గారి ప్రశ్నకు వస్తే, ఫైలు పేరు తప్ప నా దగ్గర మరో ఆధారం లేదు. ఈ ఆట ఎవరు తయారు చేశారో తెలుసుకునే మార్గం ఉందా?

బిట్లు_బైట్లు

ఉంది, తేలిక కూడా. జార్ అన్నది నిజానికి జిప్ ఫైలే. పేరు చివర జిప్ అని మార్చి విప్పండి. మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డరులో మేనిఫెస్ట్ అనే చిన్న ఫైలు ఉంటుంది, దానిని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరవవచ్చు. మిడ్‌లెట్-నేమ్ దగ్గర ఆట అసలు పేరు, మిడ్‌లెట్-వెండర్ దగ్గర సంస్థ పేరు, మిడ్‌లెట్-వెర్షన్ దగ్గర ఎన్నవ రూపమో రాసి ఉంటాయి. దుకాణంవారు బయటి పేరు మార్చేవారే తప్ప లోపలికి వెళ్లే శ్రమ పడేవారు కాదు.

మీటలఫోను

తెరిచాను. ఆట పేరు వేరే, సంస్థ పేరు వేరే. సినిమాతో గాని, ఐ-ప్లేతో గాని ఏ సంబంధమూ లేని మామూలు కారు ఆట. పేరు పెట్టింది దుకాణమే.

కోఠి_కుర్రవాడు

గోదావరి_గట్టు గారూ, సినిమా పేరు అతికించి అమ్మారన్న మీ ఆరోపణ అక్షరాలా రుజువైంది. నిందితుడు మాత్రం హాలీవుడ్డు కాదు, జగదీష్ మార్కెట్.

గోదావరి_గట్టు

నేను పేరే అమ్ముడుపోయిందన్నాను, ఎవరు అమ్మారన్నది తరువాతి మాట. కొన్నవాడికి ఏళ్ల తరబడి తేడా తెలియలేదంటే అసలు ఆటకూ దీనికీ మధ్య ఎంత దూరం ఉందో మీరే ఆలోచించండి.

కె750_అమ్మాయి

ఆ దూరం ఎంతో నేను చెప్పగలను, ఎందుకంటే టోక్యో డ్రిఫ్ట్ పేరుతో 2006లో వచ్చిన ఐ-ప్లే ఆటను ఆపరేటరు పోర్టల్ నుంచి డబ్బు కట్టి తెచ్చుకున్న కొద్దిమందిలో నేనొకదాన్ని. మా అన్నయ్య రీఛార్జి చేయించుకున్న సొమ్ము అది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నా ఫోను సోనీ ఎరిక్సన్ కె750ఐ. ఆ చిత్రంలో ప్రాణం డ్రిఫ్టులోనే ఉంది. మలుపులో కారును కావాలని జారనిచ్చి, జారుతూనే దారిలో పెట్టాలి. మామూలు కారు ఆటలో మలుపు వస్తే వేగం తగ్గించాలి, ఇందులో మలుపు కోసమే ఎదురుచూడాలి. పేరు మార్చితే సరిపోయే ఆట కాదది. గోదావరి_గట్టు గారు ఆడి ఉంటే ఇంత గట్టిగా వాదించేవారు కాదేమో.

ఒక సందేహం. ఆ కాలపు ఆటల్లో చాలావాటిలో యాక్సిలరేటరు మీట లేదు, కారు దానంతటదే పోతూ ఉండేది. ఇది ఎందుకు?

పాతకోడు

మీటల వల్ల. ఒకేసారి రెండు మీటలు నొక్కితే రెండవదాన్ని గుర్తించని ఫోనులు అప్పట్లో చాలా ఉండేవి. 5 నొక్కి ఉంచి వేగం పెంచుతూ, అదే సమయంలో 4 నొక్కి ఎడమకు తిప్పడం కుదరదు. రెండవ మిడ్‌పిలో ఏయే మీటలు నొక్కి ఉన్నాయో ఒకేసారి చెప్పే ఏర్పాటు వచ్చింది గానీ, కింద ఉన్న మీటల పలకే చెప్పకపోతే అది మాత్రం ఏమి చెబుతుంది? కాబట్టి కారును తనంతట తాను పోనిచ్చి, ఆడేవాడికి ఎడమ, కుడి, బ్రేకు, నైట్రస్ మాత్రం వదిలేవారు.

డ్రిఫ్టు కూడా ఈ ఇరుకులోనే పుట్టాలి. నిజమైన డ్రిఫ్టు అంటే కారు ముక్కు ఒకవైపు, కారు ప్రయాణం మరొకవైపు. అడ్డగీతల రోడ్డులో కారుకు రెండే సంఖ్యలు: ఎంత దూరం వచ్చింది, రోడ్డు మధ్య నుంచి ఎంత పక్కకు ఉంది. ముక్కు ఎటు ఉందన్న సంఖ్యే లేదు. అప్పుడు ఏమి చేస్తాము? మలుపు ఎంత వంపుగా ఉందో దానిని వేగంతో గుణించి కారును బయటి అంచు వైపు తోస్తాము, అదే క్షణంలో పక్కకు తిరిగిన కారు బొమ్మను చూపిస్తాము, ఎదురు మీట నొక్కితే ఆ తోపును తగ్గిస్తాము. ఎడమకు తిరిగిన బొమ్మలు గీసి, కుడివి అద్దంలో తిప్పినట్టు తిప్పి వాడుకుంటే సగం స్థలం మిగులుతుంది. అయితే దీనిలో ఒక చిక్కు ఉంది. అద్దంలో తిప్పితే కారు మీద రాసిన అంకె కూడా తిరగబడుతుంది, అందుకే అప్పటి కార్ల పక్కన అంకెలు అరుదు.

కె750ఐ సంగతి వేరు. అందులో త్రిమితీయ బొమ్మలు గీయడానికి జెఎస్ఆర్ 184, మాస్కాట్ క్యాప్సూల్ అనే ఏర్పాట్లు రెండూ ఉండేవి, తెర 176×220. ఒకే పేరుతో ఒకే నెలలో వచ్చిన ఆట మీ ఫోనులో ఒకలా, 6610లో మరోలా ఉండేది. ఒక్కొక్క ఆటకు వందల కొద్దీ జార్ ఫైళ్లు తయారయ్యేవి. గేమ్‌లాఫ్ట్ వంటి ఫ్రెంచి సంస్థ హైదరాబాదులో స్టూడియో తెరిచిందంటే ఆ రోజుల్లో ఈ మార్పిడి, పరీక్షల పని ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

రెండోషో

అంకెల సంగతి ఇంతవరకు ఎక్కడా వినలేదు. ఇక నుంచి పాత ఆటల చిత్రాలు చూసినప్పుడల్లా కారు తలుపే చూస్తాను.

గోదావరి_గట్టు

కె750_అమ్మాయి గారు చెప్పిన ఆటను నేను ఆడలేదన్నది నిజం. నా ఫోను 6610. ఈ చర్చ సారాంశం ప్రకారం నాకు వచ్చి ఉండేది 128×128 తెరకు కుదించిన రూపం. డబ్బు ఇద్దరూ ఒకటే కట్టాలి, ఒకరికి డ్రిఫ్టు, మరొకరికి దాని నీడ. పోర్టల్లో పేరు మాత్రం ఒకటే. కాబట్టి నా మాట వెనక్కు తీసుకోను.

కె750_అమ్మాయి

ఈ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా స్నేహితురాలు నా ఫోనులో చూసి తన ఫోనుకు అదే కొనుక్కొని, ఇది ఆ ఆట కాదని పోట్లాడింది.

డాలస్_తెలుగు

తరువాతి కథ కూడా రాస్తే బాగుంటుంది. ఐ-ప్లేను 2007లో ఒబెరాన్ మీడియా కొన్నది. ఫాస్ట్ ఫైవ్ చిత్రానికి 2011లో ఫోను ఆట చేసింది గేమ్‌లాఫ్ట్, ఆరవ చిత్రానికి 2013లో కబామ్. హక్కులు చేతులు మారినప్పుడల్లా పాత ఆటలు అమ్మకం నుంచి తొలగిపోతాయి. టోక్యో డ్రిఫ్ట్ ఫోను ఆటను ఈ రోజు చట్టబద్ధంగా కొనాలన్నా అమ్మేవారు లేరు.

పాతకోడు

176×208, 240×320 రూపాలు పాత ఆటలు సేకరించేవారి దగ్గర కనిపిస్తుంటాయి. దొరకనివి 64 కిలోబైట్ల చిన్న రూపాలే. అవే మా కష్టం, అవే ఎవరికీ అక్కరలేదు. డబ్బు కట్టి తెచ్చుకున్నవారి ఎవరి ఫోనులోనైనా ఇంకా ఉంటే చెప్పండి.

సిడిఎంఎ_జనం

మా మేనమామ దగ్గర పాత 6610 ఉంది, అందులో ఏదో కారు ఆట ఉన్నట్టు గుర్తు. కేబులు దొరికితే కంప్యూటరులోకి తీసి పంపమంటారా?

బిట్లు_బైట్లు

అంత తేలిక కాదు. సిరీస్ 40 ఫోనులోకి ఆట ఎక్కించవచ్చు గానీ, ఎక్కిన ఆటను మామూలు పద్ధతిలో బయటికి తీయనివ్వదు. 6600లో అయితే ఎఫ్‌ఎక్స్‌ప్లోరర్ వంటి ఫైల్ మేనేజరుతో తీసుకునేవాళ్లం, 6610కు అలాంటిది లేదు. ఫోను విప్పి చిప్పు చదవగలిగేవారు కావాలి. ముందుగా ఆట తెరిచి, మొదటి తెరను మరొక ఫోనుతో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. సంస్థ పేరు కనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. ఫ్యాక్టరీ సెట్టింగుల జోలికి మాత్రం పోకండి.

సిడిఎంఎ_జనం

ఆదివారం మామయ్య ఇంటికి వెళ్లి చూస్తాను. ఫోను ఆన్ కావడం లేదని చెప్పారు. లావుపిన్ను ఛార్జరు ఎవరి దగ్గరైనా ఉంటే, విజయవాడలో ఉన్నవారు, నాకు సందేశం పంపగలరు.

కోఠి_కుర్రవాడు

బీసెంట్ రోడ్డులో అడగండి. ఏ ఛార్జరు అడిగినా ఉందంటారు, పిన్ను మాత్రం చూసి తీసుకోండి.